హెడ్‌సెట్ కొనేముందు గంటసేపు పెట్టుకుని చూడండి

చిన్న విమానాలు నడపడం నేర్చుకునేవాళ్లకు ఒక మాట. షాపులో రెండు నిమిషాలు పెట్టుకుంటే ఏ హెడ్‌సెట్ అయినా హాయిగానే ఉంటుంది. సెలవులకు బెజవాడ వచ్చినప్పుడు, మే నెలలో, ఫ్యాన్ ఆపేసి గంటసేపు నాది పెట్టుకుని కూర్చున్నాను. అమ్మ వింతగా చూసింది గానీ, నడినెత్తిన నొప్పి అప్పుడే తెలిసింది. కళ్లజోడు ఉంటే దాంతోనే చూడండి. కాడ లావైతే చెవి కుషన్ కింద సందు పడి ఇంజిన్ మోత లోపలికొస్తుంది. జెల్ కుషన్ ఆ సందును కొంత పూడుస్తుంది. మన చెమటకు ముందు పాడయ్యేవి కుషన్లే, అందుకే అవి, మైకు స్పాంజి విడిగా దొరికే మోడలే కొనండి. నాయిస్ క్యాన్సిలింగ్‌ది, అంటే బ్యాటరీతో మోత తగ్గించే రకమైతే, బ్యాటరీ అయిపోయినా రేడియో మాట వినిపించాలి. చిన్న విమానాలకు మామూలుగా రెండు ప్లగ్గులు, హెలికాప్టర్‌కు ఒకటే. అదీ చూసుకోండి.