ఎలుకల్లో లంగ్ ట్యూమర్‌కి లేజర్ ట్రీట్‌మెంట్: మొదటి బ్యాచ్ మొదలుపెట్టే ముందు

గోల్డ్ నానోరాడ్స్ (కాంతిని పీల్చి వేడెక్కే అతి సూక్ష్మమైన బంగారు కడ్డీలు, కింద పార్టికల్ అన్నది వీటినే) ఎక్కించి 808 నానోమీటర్ల లేజర్ వేస్తే ట్యూమర్ మాడిపోతుంది, సరే. మాడింది పార్టికల్ వల్లా, ఉత్త లేజర్ వేడికేనా? అది తేల్చలేకపోతే ఆ ఎలుకల ప్రాణాలు ఊరికే తీసినట్టే.

అందుకే నాలుగు గ్రూపులు తప్పనిసరి: సెలైన్, సెలైన్‌తో లేజర్, పార్టికల్ ఒక్కటే, పార్టికల్‌తో లేజర్. ఎలుకలు సరిపోవట్లేదని ముందు రెండో గ్రూపునే ఎత్తేస్తుంటారు, దయచేసి ఆ పని చేయకండి. లూయిస్ లంగ్ కార్సినోమా (ఎలుకల ఊపిరితిత్తి క్యాన్సర్) కణాలు పెంచేది సీ57బీఎల్/6 అనే నల్ల ఎలుకల్లో. షేవ్ చేశాక చర్మం గులాబీ రంగులో ఉంటే మంచిదే, కానీ వెంట్రుకలు మళ్లీ పెరిగే దశ మొదలైతే బూడిద, నలుపు మచ్చలు వస్తాయి, అక్కడి మెలనిన్ కాంతిని పీల్చుకుని పార్టికల్ లేకపోయినా కాలుతుంది. నా మొదటి బ్యాచ్‌లో ఇదే జరిగింది, లేజర్ పాడైందేమోనని రెండు రోజులు టెన్షన్ పడ్డాను. ఆ మచ్చలున్న ఎలుకకు ఆ రోజు లేజర్ వేయకండి. ఏ549 అనే మనిషి ఊపిరితిత్తి క్యాన్సర్ కణాలతో న్యూడ్ ఎలుకలు (వెంట్రుకలు లేని రకం) వాడితే ఈ బాధ లేదు, కాకపోతే వాటిలో టీ కణాలు (రోగనిరోధక కణాలు) సరిగా తయారవవు, కాబట్టి ఇమ్యూన్ రెస్పాన్స్ గురించి పెద్ద మాటలు రాయలేం.

పవర్ విషయంలో మెషీన్ డిస్‌ప్లేని నమ్మొద్దు, చర్మం ఉండే ఎత్తులో పవర్ మీటర్ పెట్టి కొలిచి, వెలుగు పడే వైశాల్యంతో భాగించండి. ఈ తరంగదైర్ఘ్యానికి చర్మం మీద భద్రమైన పరిమితి చదరపు సెంటీమీటరుకు సుమారు 0.33 వాట్లు, అంతకు మించి వాడితే ఆ సంగతి దాచకుండా రాయండి. థర్మల్ కెమెరా చూపించేది పైపొర వేడి మాత్రమే. ఈ కాంతి కంటికి దాదాపు కనపడదు కాబట్టి 808కి సరిపోయే గాగుల్స్ లేకుండా స్విచ్ ముట్టుకోకండి.

ట్యూమర్ సుమారు 100 ఘనపు మిల్లీమీటర్లకు వచ్చాక లాటరీ పద్ధతిలో గ్రూపులు చేయండి. పొడవును వెడల్పు వర్గంతో గుణించి సగం చేస్తే సైజు వస్తుంది, కానీ కాలిన చోట వాపు, పొక్కు ఉంటే కాలిపర్ తప్పు చెబుతుంది, చివర్లో ట్యూమర్ తీసి తూకం వేయాల్సిందే.

ఇంకొకటి, మనం పెంచేది తొడ దగ్గర చర్మం కింద గడ్డ, అది ఊపిరితిత్తి కాదు. 1998లో అమెరికాలో ఫోటోఫ్రిన్‌కి (కాంతి పడితే పనిచేసే క్యాన్సర్ మందు) లంగ్ క్యాన్సర్‌లో అనుమతి వచ్చినప్పుడు కూడా కాంతిని బ్రాంకోస్కోప్ (శ్వాసనాళంలోకి పంపే గొట్టం) గుండా లోపలికే పంపారు, ఛాతీ మీద నుంచి కాదు. టైటిల్‌లో ఏం రాస్తారో ఇది గుర్తుపెట్టుకుని రాయండి.

ఎథిక్స్ కమిటీకి ఇచ్చిన ప్రోటోకాల్‌లో 20 శాతం బరువు తగ్గితే ఆపేస్తామని రాసుంటే, ఆ రోజే ఆపాలి, గ్రాఫ్‌లో ఇంకో పాయింట్ కోసం సోమవారం దాకా ఆ ఎలుకను ఉంచకండి.