మెక్సికో సిటీ నుంచి వహాకాకు: బెంగళూరు తెలుగువాళ్లకు పగటి బస్సు గైడ్

శుక్రవారం రాత్రి మడివాళలో స్లీపర్ ఎక్కి, పొద్దున్నే ఊళ్లో దిగడం మనకు అలవాటు. మెక్సికోలో ఆ లెక్క కుదరదు. అక్కడి బస్సుల్లో బెర్తులుండవు, వెనక్కి వాలే సీట్లే. పైగా మెక్సికో సిటీ నుంచి దక్షిణాన ఉన్న వహాకా నగరానికి వెళ్లే ఈ దారిలో రాత్రి వెళ్తే చూడాల్సినదంతా చీకట్లో పోతుంది. ప్రయాణం ఆరున్నర, ఏడు గంటలు కాబట్టి ఉదయం బస్సే ఎక్కండి. వానలు తగ్గాక, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఆకాశం తేటగా ఉంటుంది.

పాస్‌పోర్టులో గడువున్న అమెరికా వీసా ఉంటే మెక్సికో వీసా విడిగా అక్కర్లేదు. పాస్‌పోర్టును మాత్రం డిక్కీలో వేసే సూట్‌కేసులో పెట్టకండి. దారిలో ఇమిగ్రేషన్ వాళ్లు బస్సెక్కి అడగొచ్చు.

మెక్సికో సిటీలో దిక్కుకొకటి చొప్పున నాలుగు పెద్ద బస్టాండులున్నాయి. వహాకా బస్సులు ఎక్కువగా తూర్పున ఉన్న 'టాపో' నుంచి బయల్దేరతాయి. సాన్ లాజరో మెట్రో స్టేషన్ దాని పక్కనే. టికెట్‌పై బస్టాండు పేరు చూసుకోకుండా క్యాబ్ ఎక్కితే ఊరి అవతలి కొసన తేలతారు. ఈ దారిలో పెద్ద కంపెనీ ఏడీఓ. దాని వెబ్‌సైటులో మన కార్డులు ఒక్కోసారి పనిచేయవు, అప్పుడు కౌంటర్లో పెసోలిచ్చి కొనుక్కోవడమే. మామూలు ఏడీఓ చాలు. కాళ్లు బాగా చాపుకోవాలంటే దాని పై తరగతి జీఎల్. ఇంకా పై తరగతి ప్లాటినోలో వరుసకు మూడే సీట్లు, ఛార్జీ కూడా దానికి తగ్గట్టే ఎక్కువ.

సీటు కుడివైపు కిటికీ దగ్గర తీసుకోండి. 2,240 మీటర్ల ఎత్తున ఉన్న నగరం దాటాక రోడ్డు 3,000 మీటర్ల పైకి ఎక్కి ప్యూబ్లా వైపు దిగుతుంది. మబ్బు లేకపోతే కుడిపక్కన పోపోకాటెపెట్ల్ అగ్నిపర్వతం కనిపిస్తుంది. ఎత్తు 5,400 మీటర్లకు పైనే, తరచూ పొగ కక్కుతుంటుంది. తెహువకాన్ ఊరు దాటాక కొండల నిండా స్తంభాల్లా నిలబడిన బ్రహ్మజెముడు జాతి మొక్కలు. ఈ లోయను 2018లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. నిద్రపోకూడనిది ఇక్కడే, కానీ మలుపులూ ఇక్కడే ఎక్కువ. కడుపులో తిప్పే తత్వమైతే వాంతి మాత్ర ఎక్కడానికి గంట ముందే వేసుకోవాలి. తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే లాభం లేదు.

ఏసీ వణికిస్తుంది. బెంగళూరు డిసెంబరుకు కొన్న స్వెట్టర్ చేతిసంచీలోనే ఉండాలి. సామాను వేశాక ఇచ్చే చీటీ పారేయకండి, దిగాక అది చూపిస్తేనే పెట్టె ఇస్తారు. బస్సులోనే టాయిలెట్ ఉంటుంది కానీ నీళ్లు నమ్మకం లేదు. చిన్న సీసా, టిష్యూలు తీసుకెళ్లండి. వాడిన కాగితం కమోడ్‌లో కాదు, బుట్టలో వేయాలి.

మన బస్సుల్లాగా టీకి ఆపుతారని ఆశపడొద్దు. నేరుగా వెళ్లే బస్సు అసలు ఆగకపోవచ్చు. అరటిపళ్లు, బ్రెడ్డు, పల్లీలు ఎక్కేముందే కొనుక్కోండి. శాకాహారులకు చిక్కంతా ఉడికించిన బీన్స్‌తోనే. మాంసం కనిపించకపోయినా తరచూ పందికొవ్వుతో వండుతారు. 'సిన్ మాంతేకా' (పందికొవ్వు లేకుండా) అని అడిగి, వద్దనిపిస్తే ఉత్త మొక్కజొన్న తోర్తియా, అవకాడోతో సరిపెట్టుకోండి.

వహాకా నుంచి పువెర్తో ఎస్కొందీదో బీచికి వెళ్లేవాళ్లు, బండి 2024 ఫిబ్రవరిలో తెరిచిన కొత్త హైవే మీదే వెళ్తుందా అని ముందే అడగాలి. దానిమీద సుమారు మూడు గంటలు. పాత కొండదారిలో అయితే అందుకు రెట్టింపు.