దేవుని నిర్ణయం, మనిషి ఇష్టం – 3వ పాఠం: ఫరో హృదయాన్ని కఠినపరచింది ఎవరు?

గత పాఠంలో తొలి సంఘపు బోధకులైన ఆగస్టీన్, పెలాగియస్‌ల వివాదం చూశాం. మనిషి తనంతట తాను మంచిని ఎంచుకోగలడని పెలాగియస్, కృప ముందుగా తాకకపోతే ఆ కోరికే పుట్టదని ఆగస్టీన్. 418లో కార్తేజి సభ పెలాగియస్ బోధను ఖండించడంతో అక్కడ ఆగాం. ఈసారి చరిత్ర తక్కువ, చేతిపని ఎక్కువ. బైబిలుతో పాటు నలుపు, నీలం, ఎరుపు పెన్సిళ్లు తెచ్చుకోండి. నేర్చుకోబోయేది ఒక్కటే: వివాదమున్న వచనంలో క్రియ ఎవరిదో గుర్తుపట్టడం.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానం కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చిన తర్వాత పలాస దగ్గర ఒక ప్రార్థన కూటంలో కూర్చున్నాను. ఒక పెద్దాయన “అంతా దేవుడు రాసిపెట్టిందే” అన్నారు. “అయితే మనం మోకాళ్లూని అడగడం ఎందుకు మామయ్యా?” అంది ఆయన కోడలు. ఎవరూ బదులు చెప్పలేదు. నేనూ చెప్పలేకపోయాను. ఈ పాఠాలు రాయడం ఆ ప్రశ్న వల్లే మొదలైంది. ఇంటికి వచ్చాక ఒకటి మాత్రం తట్టింది. పెద్దాయన నోట వచ్చింది తలరాత. రాత రాసినవాడితో మాట్లాడే వీలుండదు. ఎఫెసీ పత్రిక 1:5లో ‘ముందుగా నిర్ణయించుకొని’ అన్న మాట వచ్చేది తండ్రి బిడ్డలను స్వీకరించే సందర్భంలో. ఈ రెండింటినీ కలిపేస్తే వాదం మొదలుకాకముందే దారి తప్పుతాం.

ఇప్పుడు నిర్గమకాండము 7 నుంచి 10వ అధ్యాయం వరకు తెరవండి. ఇశ్రాయేలీయులను విడిచిపెట్టనన్న ఐగుప్తు రాజు ఫరో మీదికి దేవుడు ఒకదాని తర్వాత ఒకటి తెగుళ్లు రప్పించే కథ అది. ఫరో హృదయం గురించి మన తెలుగు బైబిలులో మూడు రకాల క్రియలు కనిపిస్తాయి. ‘కఠినమాయెను’ అన్నచోట చేసినవారెవరో తెలియదు. అక్కడ నలుపు గీయండి. ‘కఠినపరచుకొని’ అన్నచోట నీలం. వండాడు, వండుకున్నాడు అన్న మాటల మధ్య తేడా మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ‘కొను’ చేరగానే పని చేసినవాడి మీదికే తిరుగుతుంది. యెహోవా ‘కఠినపరచెను’ అన్నచోట ఎరుపు.

నీళ్లు రక్తమైనప్పుడు (7:22) నలుపు. కప్పల తర్వాత (8:15) నీలం. ఉపశమనం కలగడం చూసి ఫరో తానే బిగుసుకున్నాడు. పేలకు నలుపు, ఈగలకు నీలం, పశువుల తెగులుకు నలుపు. ఆరవ తెగులైన పొక్కుల దగ్గర (9:12) మొదటి ఎరుపు పడుతుంది. అక్కడితో అంతా ఎరుపే అనుకుంటాం. కానీ వడగండ్లు ఆగగానే (9:34) మళ్లీ నీలం! ఆ తర్వాత మిడతలకు, చీకటికి ఎరుపే.

చాలామంది ఇక్కడే పెన్సిలు కింద పెట్టి, ‘ముందు ఫరోయే మొదలుపెట్టాడు, దేవుడు తర్వాత ముద్ర వేశాడు’ అని తేల్చేస్తారు. తొందరపడవద్దు. వెనక్కి వెళ్లి 4:21, 7:3 చూడండి. ఒక్క తెగులూ రాకముందే ‘నేను కఠినపరచెదను’ అంటున్నాడు దేవుడు. అవీ ఎరుపే. స్వచిత్తం వైపువారు, అంటే మనిషి తానే ఎంచుకుంటాడనేవారు, నీలం గీతలు ముందు పడ్డాయంటారు. పూర్వనిర్ణయం వైపువారు, అంటే దేవుడే ముందుగా నిర్ణయిస్తాడనేవారు, ఈ రెండు వచనాలనూ, దేవుడు తాను కోరినవారిని కఠినపరుస్తాడనే రోమా 9:18నూ చూపిస్తారు.

మూడో శతాబ్దంలో ఓరిగెన్ అనే బైబిలు పండితుడు దీనికొక పోలిక చెప్పాడు: ఒకే ఎండకు మైనం కరుగుతుంది, మట్టి గట్టిపడుతుంది. 1524లో ఎరాస్మస్ అనే పండితుడు ఓరిగెన్ వివరణను ఆసరా చేసుకుని స్వచిత్తాన్ని సమర్థించాడు. మరుసటి ఏడాదే సంఘ సంస్కర్త మార్టిన్ లూథర్ దాన్ని తీవ్రంగా ఖండించాడు. రౌతు కుంటి గుర్రాన్ని నడిపిస్తే అది కుంటుతూనే నడుస్తుంది, కుంటితనం రౌతుది కాదు. దేవుడు ఫరోను నడిపించిందీ అలాగే అన్నాడు.

ఎండ పోలిక నాకు చాలా కాలం నచ్చింది. రంగులు వేసుకున్నాక నచ్చడం మానేసింది, ఎందుకంటే అది 9:12లోని ఎరుపు మీద నీలం పూస్తుంది. లూథర్ గుర్రం బలమైన పోలిక. నా మొగ్గు అటే. అయినా 9:34 దగ్గర అదీ తడబడుతుంది. ఆ వచనం ఫరో చేసినదాన్ని పాపం అంటోంది. గుర్రం కుంటితనాన్ని ఎవరూ పాపం అనరు కదా.

మన ప్రాంతంలో ఈ అభ్యాసానికి మంచి అవకాశం ఉంది. సాలూరు, పార్వతీపురం వైపు లూథరన్ సంఘాలున్నాయి. బొబ్బిలి, శ్రీకాకుళంలో కెనడా బాప్టిస్టు మిషన్ నాటిన సంఘాలున్నాయి. 1993లో ఏర్పడిన శ్రీకాకుళం కతోలిక మేత్రాసనమూ ఉంది. మీ రంగుల పేజీని వేరే సంఘానికి వెళ్లే బంధువు ముందు పెట్టండి. వాదించవద్దు, ఏ గీత రంగు మారుస్తారో మాత్రం అడిగి రాసుకోండి.

వచ్చే పాఠానికి ఫిలిప్పీ పత్రిక 2:12-13కు రంగులు వేసి ఉంచండి. ‘కొనసాగించుకొనుడి’ నీలం, ‘కలుగజేయువాడు దేవుడే’ ఎరుపు. ఈ రెండింటి మధ్య పౌలు పెట్టిన మాట ‘అయినను’ కాదు, ‘ఎందుకనగా’. ఎందుకలా పెట్టాడో ఆ కోడలికి చెబుతున్నట్టుగా అర పేజీ రాయండి. ఇదే వివాదం మీద 1618–19లో నెదర్లాండ్స్‌లో కూడిన డార్ట్ సభలోకి ఆ అర పేజీ పట్టుకునే వెళదాం.