నాట్ అంటే ఎంత వేగం? తుఫాను వార్తల్లో, పడవ మీద దాన్ని ఎలా లెక్కేసుకోవాలి

తుఫాను వస్తోందని తెలియగానే ఫోన్లో వాతావరణం యాప్ తెరిచి గాలి ఎంత ఉందో చూస్తాం. అక్కడ 50 అని కనబడితే "యాభయ్యే కదా, బండి మీద వెళ్లే స్పీడే" అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. అంకె పక్కన కేటీ అని రెండు చిన్న అక్షరాలుంటే మాత్రం అది నాట్స్‌లో చెప్పిన లెక్క, అంటే గాలి గంటకు దాదాపు 93 కిలోమీటర్లు. తీరప్రాంతంలో ఉండేవాళ్లకి ఈ తేడా తెలియకపోతే నిజంగా ప్రమాదం.

ఒక నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు. నాటికల్ మైలు 1852 మీటర్లు, రోడ్డు మైలు 1609 మీటర్లే, కాబట్టి రెండూ ఒకటి కావు. నోటి లెక్క కావాలంటే నాట్స్‌ని రెట్టింపు చేసి అందులో పదో వంతు తీసేయండి: 50 రెట్టింపు 100, అందులో 10 తీస్తే 90. అసలు విలువకన్నా కాస్త తక్కువే వస్తుంది, అందుకే తుఫాను గాలి విషయంలో నేనైతే రెట్టింపు దగ్గరే ఆగిపోమంటాను, ఎక్కువ అనుకుని జాగ్రత్తపడితే పోయేదేమీ లేదు.

వాడేటప్పుడు రెండు విషయాలు చూసుకోండి. "గంటకు 50 నాట్ల వేగం" అని వార్తల్లో కూడా రాస్తుంటారు, గంట అనేది నాట్‌లోనే ఉంది కాబట్టి "50 నాట్ల వేగం" అంటే సరిపోతుంది. అలాగే దూరానికి నాట్ వాడకూడదు. "తీరానికి 40 నాట్ల దూరంలో" అన్న మాటకి అర్థమే లేదు, అక్కడ నాటికల్ మైళ్లు అనాలి.

ఇంగ్లిష్‌లో నాట్ అంటే ముడి, ఈ వేగానికి ఆ పేరు నిజం ముడుల నుంచే వచ్చింది. తెరచాప ఓడల రోజుల్లో ఒక చెక్క ముక్కకి అడుగున సీసం బరువు పెట్టి, పొడుగాటి తాడు కట్టి, ఓడ వెనక నుంచి నీళ్లలోకి వదిలేవారు. చెక్క నీళ్లలో దాదాపు ఉన్నచోటే నిలబడితే, ఓడ ముందుకు పోతున్నకొద్దీ తాడు జారుతూ ఉండేది. దానికి 47 అడుగుల 3 అంగుళాలకి ఒకటి చొప్పున ముడులు, పక్కన 28 సెకన్ల ఇసుక గడియారం. ఇసుక అయిపోయేలోపు చేతిలోంచి ఎన్ని ముడులు జారితే ఓడ వేగం అన్ని నాట్లు. 28 సెకన్లకి 47 అడుగుల పావు అంటే గంటకి సుమారు 6075 అడుగులు, అంటే దాదాపు ఒక నాటికల్ మైలు. అంత సులువైన పనిముట్టులో అంత కచ్చితమైన లెక్క ఇమిడిపోవడం చూస్తే ఆ నావికుల మీద గౌరవం పెరుగుతుంది.

ఇక తుఫాను హెచ్చరికల సంగతి. భారత వాతావరణ శాఖ లెక్కలో గాలి 34 నాట్లకి చేరితే తుఫాను, 48 చేరితే తీవ్ర తుఫాను, 64 చేరితే అతి తీవ్ర తుఫాను, 90 చేరితే అత్యంత తీవ్ర తుఫాను, 120 చేరితే సూపర్ సైక్లోన్. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు గాలి గంటకు 170-180 కిలోమీటర్లు, అంటే 90 నాట్ల పైమాటే. మన శాఖ చెప్పేది మూడు నిమిషాల సగటు, అమెరికావాళ్లు చెప్పేది ఒక నిమిషం సగటు, అందుకే ఒకే తుఫానుకి ఇంటర్నెట్‌లో రెండు అంకెలు కనిపిస్తే కంగారు పడకండి. ఉండుండి విసిరే గాలి ఈ సగటుకన్నా ఎక్కువే ఉంటుంది, దాన్ని విడిగా చెబుతారు, అది కూడా చదవండి.

పడవ వేగం మీరే కొలవాలంటే పాత పద్ధతి ఒకటుంది. పడవ పొడవు ముందే తెలుసుకోండి. ముందు కొస దగ్గర నుంచి ఒకరు బత్తాయి తొక్క లాంటిది నీళ్లలో వేయాలి, అది వెనక కొస దాటేదాకా ఇంకొకరు ఫోన్లో సెకన్లు చూడాలి. 12 మీటర్ల పడవకి 4 సెకన్లు పడితే సెకనుకి 3 మీటర్లు, దాన్ని రెట్టింపు చేస్తే సుమారు 6 నాట్లు. గోదావరి లాంచీలో కూడా చేయొచ్చు, కాకపోతే లైఫ్ జాకెట్ వేసుకుని, రెయిలింగ్ మీద నుంచి వంగకుండా.

ఇలా వచ్చేది నీళ్లతో పోల్చిన వేగం. ఫోన్లో జీపీఎస్ చూపించేది నేలతో పోల్చినది. 6 నాట్లతో ఎదురు ప్రవాహంలో వెళ్తుంటే, ఆ ప్రవాహం 2 నాట్లయితే జీపీఎస్ 4 అనే చూపిస్తుంది, వాలుకి వెళ్తే 8. రెండూ సరైనవే. ఎప్పటికి చేరతామో తెలియాలంటే మాత్రం జీపీఎస్ అంకెనే తీసుకోండి. 24 నాటికల్ మైళ్ల దారి వాలులో మూడు గంటలే, తిరుగు ప్రయాణంలో ఆరు, కాబట్టి డీజిల్ ఆ ఆరు గంటలకీ సరిపోయేలా, పైన ఇంకొంత మిగిలేలా పోయించుకుని బయల్దేరండి.