వేసవి సెలవుల్లో కాలనీ పిల్లలకి నాటకం, డాన్సు కలిపి ఎలా నేర్పాలి?

మే నెల రాగానే చాలా కాలనీల్లో, ఊళ్ళలో పిల్లలకి ఏదో ఒక క్యాంపు పెడతారు. డాన్సు నేర్చుకునేవాళ్ళు ఒక గదిలో, నాటకం వేసేవాళ్ళు ఇంకో గదిలో ఉంటారు. చివరి రోజు నాలుగు సినిమా పాటలకి స్టెప్పులు, మధ్యలో మైకు ముందు నిలబడి అప్పజెప్పే ఒక నాటిక. నేను చెప్పేది ఒక్కటే, ఈ రెంటినీ విడదీయకండి. మన దగ్గర ఇవి ఎప్పుడూ విడిగా లేవు. కూచిపూడి భాగవతుల ఆటలో పాత్ర ప్రవేశ దరువుతో వస్తుంది, అంటే తానెవరో పాడుతూ, ఆడుతూ చెప్పుకుంటూ రంగం మీదికి వస్తుంది. చిందు యక్షగానంలోనూ పాట, మాట, అడుగు ఒకే మనిషి చేస్తారు. కలిపి నేర్పితే డాన్సు రాదనుకునే పిల్లాడికి మాట దొరుకుతుంది, మాట పెగలని పిల్లకి అడుగు దొరుకుతుంది. సామూహిక కార్యక్రమంలో ఎంచి తీసుకున్న పిల్లలు ఉండరు, వచ్చిన ప్రతి ఒక్కరూ మనవాళ్ళే, అందుకే ఈ పద్ధతి ఇక్కడ బాగా కుదురుతుంది.

ముందు చోటు, వేళ చూసుకోండి

బడి వరండా, కమ్యూనిటీ హాలు, గ్రామ పంచాయతీ ఆవరణ, ఏదైనా పర్వాలేదు. గుడి మండపం అందంగానే ఉంటుంది కానీ అక్కడ పెడితే కొన్ని ఇళ్ళ పిల్లలు అడక్కుండానే ఆగిపోతారు. ఏ కులం వాళ్ళైనా, ఏ మతం వాళ్ళైనా మొహమాటం లేకుండా అడుగు పెట్టగలిగే చోటే ఎంచుకోండి, దీనికోసం అందం కొంచెం తగ్గినా సరే.

బడులు సాధారణంగా జూన్ 12న తెరుస్తారు, కాబట్టి మే మొదటి వారంలో మొదలుపెడితే నాలుగు వారాలు హాయిగా దొరుకుతాయి. పొద్దున్న ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా చాలు, తొమ్మిది దాటితే ఎండకి పిల్లలు వాడిపోతారు. సిమెంటు నేల మీద గట్టిగా తట్టించడం, ఎగిరించడం వద్దు, మోకాళ్ళు, మడమలు దెబ్బతింటాయి. నీళ్ళు చల్లి అణిచిన మట్టి నేల దొరికితే అంతకంటే మంచిది లేదు. జంపఖానా పరిస్తే కాలు జారుతుంది, కూర్చునేటప్పుడే పరవండి. ఎనిమిదేళ్ళ నుంచి పదిహేనేళ్ళ దాకా ఇరవై ఐదు మంది, నేర్పేవాళ్ళు కనీసం ఇద్దరు. మంచినీళ్ళు, ప్రథమ చికిత్స పెట్టె, బాత్రూముకి తాళంచెవి ఎవరి దగ్గర ఉందో ముందే తెలుసుకోవడం, ఇవన్నీ చిన్న విషయాల్లా కనిపిస్తాయి కానీ మొదటి రోజు గొడవంతా వీటి దగ్గరే వస్తుంది.

అమ్మానాన్నలతో మాట్లాడండి

పిల్లలకంటే ముందు పెద్దవాళ్ళని ఒక సాయంత్రం కూర్చోబెట్టండి. ఏం నేర్పుతారో, ఎవరు నేర్పుతారో, ఎన్నింటికి వదులుతారో చెప్పి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. ఆస్తమా, మూర్ఛ లాంటివి ఏమైనా ఉన్నాయా అని అడిగి రాసుకోండి. ఏ పెద్ద మనిషీ ఒంటరిగా ఒక పిల్లతోనో పిల్లాడితోనో తలుపు వేసిన గదిలో ఉండకూడదు, ఈ నియమం మీకూ వర్తిస్తుంది, స్పాన్సర్ గారికీ వర్తిస్తుంది. డాన్సులో చెయ్యి సరిచేయాలన్నా, నడుము నిటారుగా పెట్టించాలన్నా మీరే చేసి చూపించండి, తప్పనిసరైతే "చెయ్యి పట్టుకోనా?" అని అడిగి పట్టుకోండి. ఫోటోలు, వీడియోలు ఫోన్లో ఎక్కించడానికి కూడా అనుమతి కావాలి. ఆపదలో ఉన్న పిల్లలు సాయం కోసం ఫోన్ చేసే చైల్డ్ హెల్ప్‌లైన్ నంబరు 1098 గోడ మీద పెద్ద అక్షరాల్లో రాసి పెట్టండి, అది ఎందుకో పిల్లలకి మామూలు గొంతుతో చెప్పండి.

మొదటి మూడు రోజులు స్పీకరు ముట్టుకోకండి

పాట పెడితే పిల్లలు వెంటనే ఫోన్లో చూసిన స్టెప్పుల్లోకి వెళ్ళిపోతారు, ఆ తర్వాత వాళ్ళని బయటికి తేవడం కష్టం. బదులుగా వాళ్ళ ఆటలతోనే మొదలుపెట్టండి. కబడ్డీ కూత ఊపిరి నిలపడానికి చాలా మంచి సాధన, గీత దాటి వెళ్ళి తిరిగొచ్చేదాకా గొంతు తెగకూడదు కదా. ఒకరోజు కూత మెల్లగా పెట్టమనండి, ఇంకోరోజు కోపంగా, ఇంకోరోజు భయపడుతూ. వాళ్ళకి తెలియకుండానే నటన మొదలైపోతుంది. చెమ్మచెక్క ఆడించండి, లయ వస్తుంది, ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూడటం కూడా అలవాటవుతుంది. ఒప్పులకుప్ప తిరిగితే తన బరువు ఎదుటివాళ్ళ మీద నమ్మకంగా వేయడం తెలుస్తుంది, కానీ నేల మీద రాళ్ళు లేకుండా చూసుకోండి.

మూడో రోజు "పేరు దరువు" చేయించండి. ఈ పేరు నేను పెట్టుకున్నదే, పద్ధతి మాత్రం ప్రవేశ దరువుదే. అందరూ గుండ్రంగా నిలబడి చప్పట్లతో నాలుగు దెబ్బల తాళం వేస్తుంటారు, ఒక్కొక్కరూ లోపలికి వచ్చి తన పేరు, తనకి నచ్చిన పని ఒకటి ఆ తాళంలోనే చెబుతూ ఏదో ఒక అడుగు వేయాలి. తర్వాత అందరూ ఆ పేరుని, ఆ అడుగుని అచ్చం అలాగే చేసి చూపించాలి. తన అడుగుని ఇరవై మంది వేస్తుంటే చూసిన పిల్లల ముఖం మీరు గమనించాలి, సగం సిగ్గు అక్కడే పోతుంది. ఎవరైనా రాకపోతే లాగకండి. చిడతలు చేతికిచ్చి తాళం నీదే అని చెప్పండి, వారంలో తనే వస్తాడు. రాకపోయినా తాళం వేసే మనిషి నాటకానికి కావాలి కదా.

లయ

త-కి-ట మూడు, త-క-ధి-మి నాలుగు, త-క-త-కి-ట ఐదు. ఈ మూడూ నోటితో అంటూ చప్పట్లు, తర్వాత నడక, తర్వాత నడుస్తూ మాట. మూడు మీద నడిచే మనిషి ఎవరు, ఐదు మీద నడిచేది ఎవరు అని అడిగితే పిల్లలే చెబుతారు, కుంటుతూ వెళ్ళే తాత అని, బస్సు తప్పిపోతున్న టీచరమ్మ అని. అరమండిలో, అంటే మోకాళ్ళు పక్కలకి వంచి సగం కూర్చున్నట్టు ఉండే భంగిమలో, ఎక్కువసేపు నిలబెట్టకండి, మనం ఇక్కడ అరంగేట్రాలకి తయారుచేయడం లేదు.

మీ ఊళ్ళో డప్పు కొట్టేవాళ్ళు, ఒగ్గు కథ చెప్పేవాళ్ళు, కోలాటం గురువు, ఉత్తరాంధ్ర అయితే తప్పెటగుళ్ళ బృందం, ఎవరుంటే వాళ్ళని పిలవండి. కుర్చీ వేసి కూర్చోబెట్టండి, పిల్లల చేత నమస్కారం పెట్టించండి, రోజుకి ఇంత అని డబ్బులివ్వండి. ఉచితంగా వచ్చి నేర్పి వెళ్ళమనడం తప్పు, వాళ్ళకి అది కూలి పోగొట్టుకున్న రోజు.

కోలాటం ఒక్కటి గట్టిగా నేర్పండి

పది రకాల డాన్సులు కొంచెం కొంచెం నేర్పేకంటే అందరూ కలిసి చేసేది ఒకటి ఎంచుకోవడం మేలు, నా ఓటు కోలాటానికే. పదహారు మంది, రెండు వలయాలు, లోపలివాళ్ళు బయటికి, బయటివాళ్ళు లోపలికి తిరిగి ఎదురెదురుగా నిలబడాలి. కోలలు అడుగు కంటే కొంచెం పొడవు, అంచులు గరుకు లేకుండా చెక్కించండి. మొదటి దెబ్బ తన రెండు కోలలు, రెండో దెబ్బ ఎదుటివాళ్ళ కుడి కోలతో, మూడోది మళ్ళీ తనవే, నాలుగోది ఎడమ కోలతో. నాలుగు అయ్యాక బయటి వలయం ఒక్క మనిషి జరగాలి, లోపలి వలయం కదలదు. ఇది ఒట్టి చేతులతో రెండు రోజులు చేయించాకే కోలలు ఇవ్వండి, లేకపోతే వేళ్ళకి దెబ్బలు తగులుతాయి. దెబ్బ మణికట్టుతో వేయాలి, భుజంతో కాదు. అలవాటయ్యాక ఇదే కోలాటం నాటకంలో సంత అవుతుంది, యుద్ధం అవుతుంది, వాన కూడా అవుతుంది. డాన్సు నాటకంలోకి ఇలాగే వస్తుంది, మధ్యలో ఒక పాట అతికిస్తే రాదు.

కథ పిల్లల దగ్గరే తీసుకోండి

రాసిన నాటకం చేతికిచ్చి బట్టీ పట్టించకండి. ఇంట్లో అమ్మమ్మనో, పక్కింటి తాతనో మన ఊరి గురించి ఒక సంగతి అడిగి రమ్మనండి. చెరువు ఎలా పూడిపోయింది, మొదటిసారి కరెంటు వచ్చిన రోజు ఏం జరిగింది, ఇలాంటివి. వచ్చిన వాటిలో ఒకటి ఎంచుకుని ముగ్గురేసి జట్లు కట్టి బుర్రకథ పద్ధతిలో చెప్పించండి. షేక్ నాజర్ గారు ఊరూరా తిరిగి నిలబెట్టిన పద్ధతి ఇది. మధ్యలో కథకుడు, ఒక పక్క హాస్యం, ఇంకో పక్క రాజకీయం. కథకుడు కథ నడుపుతాడు, హాస్యం నవ్విస్తుంది, రాజకీయం ఈనాటి సంగతి తెచ్చి ముడిపెడుతుంది. ఈ మూడో పాత్రని పిల్లలు చాలా ఇష్టపడతారు, వీధి కుళాయిలో నీళ్ళు రాకపోవడం, బడి దగ్గర కుక్కలు అన్నీ అందులోకి వస్తాయి. రానివ్వండి. ఎవరి యాసలో వాళ్ళు మాట్లాడాలి, సిక్కోలు పిల్లాడైనా పాలమూరు పిల్లైనా ఇంట్లో ఎలా అంటారో అలాగే అనాలి. ఒకరు మాట్లాడింది ఇంకొకరు నోటుబుక్కులో రాసుకుంటే మూడో వారానికి మీ నాటకం దానంతటదే తయారవుతుంది.

పాత్రలు వారం దాకా ఖాయం చేయకండి, అందరూ అన్నీ చేయాలి. మగపిల్లలు డాన్సంటే నవ్వితే వేదాంతం సత్యనారాయణ శర్మ గారి గురించి చెప్పండి, సత్యభామ వేషానికి ఆయన పెట్టింది పేరు, 1970లో పద్మశ్రీ అందుకున్నారు. కూచిపూడిలో ఆడవేషాలు తరతరాలుగా మగవాళ్ళే కట్టారని తెలిస్తే నవ్వు ఆగిపోయి ప్రశ్నలు మొదలవుతాయి. ఆడపిల్లలకి రాజు వేషం, పోలీసు వేషం ఎవరూ అడక్కముందే మీరే ఇవ్వండి.

ప్రదర్శన

స్టేజీ, లైట్లు, అద్దె దుస్తులు అక్కర్లేదు. వీధి నాటకంలా మూడు పక్కలా జనం కూర్చుని మధ్యలో ఆడితే మైకు కూడా అవసరం లేదు, కూత పెట్టిన గొంతులు చివరి వరసదాకా వినిపిస్తాయి. తువ్వాలు, ఓణీ, తాత గారి చేతికర్ర, ఇంట్లో దొరికేవే దుస్తులు. చవక రంగులు ముఖానికి పూయకండి, దద్దుర్లు వస్తాయి. నలభై నిమిషాలు మించనివ్వకండి. మాట మర్చిపోతే పక్కన నుంచి అందించడం కంటే తాళం ఆపకుండా ఉండటం నేర్పండి, తాళం నడుస్తుంటే మాట గుర్తొస్తుంది, టెన్షన్ కూడా తగ్గుతుంది. మొదటి బహుమతి, రెండో బహుమతి పెట్టకండి. పెద్దలు ఉపన్యాసాలు ఇవ్వాలనుకుంటే ఆట అయ్యాక, ఐదు నిమిషాలు.

బడులు తెరిచాక ఆదివారం పొద్దున్న ఒక గంట కొనసాగించండి. "రేడియో అన్నయ్య", "రేడియో అక్కయ్య"లుగా పేరుపొందిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1940లో ఆంధ్ర బాలానంద సంఘం పెట్టి పిల్లల కోసం ఏళ్ళ తరబడి పనిచేశారు, ఒక్క వేసవితో ఆపలేదు. మీరూ పెద్ద పిల్లల్లో ఇద్దరిని ఎంచి కొత్తగా వచ్చేవాళ్ళకి పేరు దరువు, కోలాటం మొదటి నాలుగు దెబ్బలు వాళ్ళనే నేర్పనివ్వండి, హాజరు పుస్తకం, కోలల సంచి కూడా వాళ్ళకే అప్పజెప్పండి.