సైకిల్ అక్కడే ఉంది, సీటు లేదు: సైకిల్ సామాను పోతుంటే ఏం చేయాలి?

సైకిల్‌ని ఎత్తుకుపోయే దొంగ వేరు, సైకిల్ మీద ఉన్నవి పీక్కుపోయే దొంగ వేరు. మొదటివాడికి తాళం అడ్డం. రెండోవాడికి మీ తాళంతో పనే లేదు. నెల్లూరు గాంధీబొమ్మ సెంటర్లో జనం మధ్య నిలబెట్టినా, ఒంగోలు స్టేషన్ దగ్గర పొద్దున పెట్టి రాత్రికి వచ్చినా, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో వారం రోజులు వదిలేసినా, పోయేవి ఎప్పుడూ ఒక రకం వస్తువులే. చేత్తో ఊడేవి. వాడు పనిముట్లు వెంటేసుకుని రాడు. నడుస్తూ నడుస్తూ ఓ చెయ్యి వేస్తాడు, వస్తే వచ్చింది, రాకపోతే పక్క సైకిల్ దగ్గరికి పోతాడు.

కాబట్టి సైకిల్ ముందు కూర్చుని ఒక్కో వస్తువునీ పట్టుకుని తిప్పి చూడండి. వేళ్లతో వస్తోందా, పానా కావాలా, ఎవరి దగ్గరా లేని కీ కావాలా? వేళ్లతో వచ్చేదాన్ని పానా దాకా, పానాతో వచ్చేదాన్ని ప్రత్యేక కీ దాకా తీసుకెళ్లాలి. అది కుదరనిది జేబులో వేసుకుని వెళ్లాలి. కింద చెప్పేదంతా ఈ లెక్క మీదే నడుస్తుంది.

వస్తువు కనపడటం లేదు. దొంగ తీశాడా, దారిలో రాలిందా?

దొంగని తిట్టే ముందు ఇది తేల్చుకోండి. మన ఊళ్ల రోడ్ల మీద సగం సామాను గతుకులకే రాలిపోతుంది. బాటిల్ స్టాండు ఒక బోల్టు మీద వేలాడుతూ రెండో బోల్టు లేకపోతే అది దొంగ పని కాదు, కుదుపు పని. దొంగయితే స్టాండు మొత్తం తీసుకెళ్తాడు, ఒక్క బోల్టుతో వాడేం చేసుకుంటాడు? లైటు పోయి దాని రబ్బరు పట్టీ ముక్క హ్యాండిల్‌కి వేలాడుతుంటే ఎండకి పట్టీ పగిలి తెగిందని అర్థం. పట్టీతో సహా శుభ్రంగా మాయమైతే ఎవరో తీసినట్టే. ఊడబోయే వస్తువు ముందు నాలుగు రోజులు గలగలమంటుంది కూడా. ఆ చప్పుడు విన్నట్టు గుర్తుంటే అనుమానం రోడ్డు మీద పెట్టుకోండి.

రాలిపోవడమే కారణమైతే పరిష్కారం చవక. బోల్టు తీసి మర తుడిచి, నీలం రంగు లాక్‌టైట్ (బోల్టు వదులవకుండా మరకి వేసే జిగురు) ఒక చుక్క వేసి బిగించాలి. అది లేకపోతే ఇంట్లో ఆడపిల్లల గోళ్లరంగు కూడా చిన్న బోల్టులకి పనికొస్తుంది.

బెల్లు మీద గిన్నె లేదు

స్కూలు సైకిల్ షెడ్డుల్లో ఇది నిత్యం జరిగేదే. పాత రకం స్టీలు బెల్లు గిన్నె మర మీద తిరుగుతుంది, ఏడో తరగతి పిల్లవాడు కూడా నాలుగు తిప్పులకి తీసేస్తాడు. అమ్ముకోవడానికి కాదు, వాడి గిన్నెని ఇంకెవడో తీశాడని. మర మీద ఒక చుక్క ఫెవిక్విక్ వేసి గట్టిగా తిప్పేయండి. పిల్లల సైకిల్‌కైతే కొత్తది కొనేటప్పుడే గిన్నె విడిగా ఊడని ప్లాస్టిక్ బెల్లు తీసుకుంటే గొడవే లేదు.

పంక్చర్ లేదు, కానీ సాయంత్రానికి గాలి ఉండటం లేదు

వాల్వు మీది మూత పోవడం వల్ల గాలి పోదు, మూత దుమ్ము ఆపడానికే. పాతకాలం వాల్వు ఉన్న సైకిలైతే లోపలి పిన్నునీ, దాని మీద ఉండే సన్నటి వాల్ ట్యూబునీ చూడండి. పై నట్టు వేళ్లతో వచ్చేస్తుంది కాబట్టి తమ సైకిల్‌కి వాల్ ట్యూబు లేనివాళ్లు మీది తీసుకుంటారు. పిన్ను ఉండి, వాల్ ట్యూబు చీలి ఉంటే దొంగతనం కాదు, రోహిణి కార్తె ఎండలకి రబ్బరు చచ్చిపోయింది. వాల్వు మీద సబ్బునీళ్లు పూస్తే బుడగలు వస్తాయి, గాలి అక్కడే పోతోందని అర్థం.

నట్టుని కటింగ్ ప్లేయర్‌తో పావు చుట్టు బిగిస్తే వేళ్లకి లొంగదు. మరీ బిగించకండి, మర పోతుంది. ఈసారి ట్యూబు మార్చేటప్పుడు మోటార్ సైకిళ్లకి ఉండే రకం వాల్వున్న ట్యూబు అడగండి. రిమ్ము రంధ్రంలో పడుతుందో లేదో షాపులోనే చూసుకోండి.

లైటు, మీటరు, ఫోన్ హోల్డరు పోతున్నాయి

వీటి విషయంలో నేను మొండిగా ఒకటే చెబుతాను: తీసి జేబులో వేసుకోండి. రబ్బరు పట్టీతో బిగించే యూఎస్‌బీ లైట్లు యజమాని తేలిగ్గా తీసుకోవడానికే అలా తయారుచేశారు. ఆ సౌకర్యం అందరికీ సమానమే. ప్లాస్టిక్ ట్యాగు కట్టి భద్రం అనుకునేవాళ్లు చాలామంది. దానికి బ్లేడు చాలు, నేర్పున్నవాడు గుండుసూదితో గొళ్లెం ఎత్తి ట్యాగు పాడవకుండా కూడా తీస్తాడు.

రోజూ తీసి పెట్టడం విసుగైతే, చవకరకం లైటు ఒకటి కొని పర్మినెంట్‌గా బిగించేయండి. మోటార్ల పైపులకి వేసే ఇనుప హోస్ క్లిప్పు ఏ హార్డ్‌వేర్ షాపులోనైనా దొరుకుతుంది. హ్యాండిల్ మీద పాత ట్యూబు ముక్క చుట్టి, దాని మీద క్లిప్పు వేసి, స్క్రూ తల కిందివైపుకి వచ్చేలా తిప్పి బిగించాలి. ఆ తల గాడిలో ఎం-సీల్ చిటికెడు అద్దితే స్క్రూ డ్రైవర్ దిగదు. ఛార్జింగ్ రంధ్రం మూసుకుపోకుండా చూసుకోండి, లేకపోతే దొంగ కంటే ముందు మీరే దాన్ని పీకాల్సొస్తుంది.

సీటు లేదు, లేదా సీటూ దాని కింది గొట్టమూ రెండూ లేవు

ఖరీదు, కష్టం రెండూ ఎక్కువైన నష్టం ఇదే. నిలబడి తొక్కుకుంటూ ఇంటికి పోవాలి. కారణం తొంభైపాళ్లు సీటు కింద ఉండే క్విక్ రిలీజ్ లీవరు, అంటే పానా లేకుండా చేత్తో తెరిచే మీట. ఎత్తు మార్చుకోవడానికి అది పెట్టారు. లీవరు తెరిచి పైకి లాగితే గొట్టంతో సహా చేతిలోకి వస్తుంది. మా వీధి షాపాయన దగ్గరికి ఇలా సీటు పోగొట్టుకుని ఎవరొచ్చినా ఆయన అడిగే మాట ఒకటే: “అబ్బయా, నువ్వు సీటెత్తు ఆఖరిసారి ఎప్పుడు మార్చినావు?” చాలామంది కొన్నరోజు మార్చినవాళ్లే. అంటే ఆ లీవరు వాళ్లకి అక్కర్లేదు.

దాన్ని తీసేసి బోల్టు క్లాంపు, అంటే గొట్టాన్ని బోల్టుతో బిగించి పట్టే పట్టీ, వేయించండి. క్లాంపులు 28.6, 31.8, 34.9 మి.మీ. సైజుల్లో వస్తాయి. ఫ్రేము గొట్టం బయటి కొలత తీసుకెళ్తే తప్పు సైజు కొనరు. ఇప్పుడు దొంగకి 5 మి.మీ. అలెన్ కీ (ఆరు పలకల పానా) కావాలి. కొంతమందికి ఇది చాలు.

కానీ గొట్టాన్ని వదిలేసి సీటొక్కదాన్నే విప్పుకుపోయే దారి ఇంకా ఉంది. రెంటికీ కలిపి ఒకే మందు పాత చైను. అరిగిపోయిన సైకిల్ చైను షాపులో ఊరికే ఇస్తారు. మూరెడు ముక్క తీసుకోండి. దాన్ని పాత సన్న ట్యూబులోకి దూర్చండి, లేకపోతే ఫ్రేము పెయింటు గీసుకుపోతుంది. సీటు అడుగున రెండు ఇనుప కమ్మీలుంటాయి కదా, వాటి మధ్యగా పోనిచ్చి, వెనక చక్రానికి దిగే సన్న ఫ్రేము గొట్టం చుట్టూ తెచ్చి, చైను పిన్ను కొట్టే పనిముట్టుతో కలిపేయించండి. ట్యూబుని అతుకు మీదకి జరిపితే పిన్ను ఎక్కడుందో కనపడదు. ఇంట్లో ఇద్దరు తొక్కే సైకిలైతే సీటు బాగా పైకెత్తి, ఆ ఎత్తుకి సరిపడా వదులు ఉంచి కలపాలి. చూడ్డానికి మోటుగానే ఉంటుంది. పనితనంలో మాత్రం షాపుల్లో అమ్మే సన్న సీటు కేబుల్ కంటే ఇది నయం. ఆ కేబుల్ కటింగ్ ప్లేయర్‌కే తెగుతుంది.

ముందు చక్రం పోయింది, ఫ్రేము తాళానికి కట్టేసి ఉంది

మళ్లీ అదే లీవరు, ఈసారి చక్రం ఇరుసుకి. పరిష్కారం రెండు రకాలు. ఇరుసు లోపలినుంచి పోయే లీవరున్న ఇనుప పుల్లని తీసేసి అలెన్ తల ఉన్న పుల్ల వేయించడం ఒకటి. కొనేటప్పుడు ముందు, వెనక పొడవులు వేరని గుర్తుంచుకోండి. గేర్ల మౌంటెన్ సైకిళ్లలో ఫోర్కు మధ్య వెడల్పు మామూలుగా 100 మి.మీ., వెనక 135 మి.మీ. రెండోది, తాళాన్నే ముందు చక్రం, ఫ్రేము, పక్కనున్న స్తంభం మూడింటినీ కలిపి వేయడం. వెనక చక్రానికి రింగ్ తాళం ఎలాగూ ఉంటుంది. నట్టు ఇరుసులున్న మామూలు సైకిళ్లకి ఈ బెంగ తక్కువ.

అలెన్ బోల్టులు పెట్టించాను, అయినా పోతున్నాయి

అంటే మీ చుట్టుపక్కల కీ ఉన్నవాడు తిరుగుతున్నాడు. అలెన్ సెట్ ఇప్పుడు ప్రతి ఇంట్లో ఉంది. ప్రత్యేక తలల బోల్టులు, అంటే మధ్యలో పుల్ల నిలిచి ఉండే నక్షత్రం రకం, ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. వాటికి ముందు మన సైకిల్ షాపుల్లోనే ఉన్న ఉపాయం చెబుతాను: బాల్సు.

చక్రం హబ్బులో వేసే ఉక్కు బాల్సు తెలుసు కదా. 3/16 అంగుళం బాలు అంటే సుమారు 4.76 మి.మీ. 5 మి.మీ. అలెన్ గుంటలో అచ్చంగా కూర్చుంటుంది. 4 మి.మీ. గుంటకి 5/32 అంగుళం బాలు, అది 3.97 మి.మీ. ఉంటుంది. బోల్టు బిగించాక గుంటని గుడ్డతో జిడ్డు లేకుండా తుడిచి, ఫెవిక్విక్ ఒక్క చుక్క వేసి, బాలుని పెట్టి సుత్తి పిడితో చిన్న దెబ్బ వేయాలి. సగం కంటే ఎక్కువే లోపలికి దిగాలి. లేకపోతే ప్లేయర్ పట్టు దొరుకుతుంది. పైకి నున్నటి ఉక్కు బొడిపె తప్ప కీ పెట్టే చోటు కనపడదు. సీటు క్లాంపు, హ్యాండిల్ బోల్టు, బాటిల్ స్టాండు, అన్నింటికీ ఇదే పని.

బ్రేకుల దగ్గర మాత్రం వద్దు. వాటిని తరచూ సర్దుకోవాలి.

మీరే తీయాల్సి వచ్చినప్పుడు బాలు చుట్టూ అసిటోన్ నాలుగు చుక్కలు వేసి కాసేపు ఆగండి. గోళ్లరంగు తుడిచే ద్రవాల్లో చాలావాటిలో అసిటోన్ ఉంటుంది, సీసా మీద చూసి కొనండి. అది పెయింటు మీద పడితే పెయింటూ పోతుంది, చుట్టూ గుడ్డ పెట్టుకోండి. జిగురు మెత్తబడ్డాక పక్కనుంచి తట్టి అయస్కాంతం పెడితే బాలు దానంతటదే లేస్తుంది.

డబ్బులిచ్చి స్టాండులో పెట్టినా సామాను పోయింది

స్టాండువాళ్లు కాపలా కాసేది సైకిల్‌కి, సామానుకి కాదు. చాలాచోట్ల టోకెన్ వెనకో బోర్డు మీదో ఆ మాట రాసే ఉంటుంది. వాదనకి దిగి లాభం లేదు. నెల్లూరులో రొట్టెల పండగప్పుడు బారాషహీద్ దర్గా వైపు వెళ్తుంటే స్వర్ణాల చెరువు పొడవునా జనమే. అలాంటి రోజు బ్యాగు, పంపు, లైటు ఇంట్లోనే వదిలి ఖాళీ సైకిల్ మీద వెళ్లండి. రోజూ రైలుకి పెట్టేవాళ్లు గోడ పక్క మూల వదిలి మనిషి కూర్చునే బల్లకి ఎదురుగా పెట్టుకోండి. మూలైతే భద్రం అనిపిస్తుంది కానీ అక్కడ ఎవడు కూర్చుని ఏం విప్పుతున్నాడో ఎవరికీ కనపడదు.

పోయింది. ఇప్పుడేం చేయాలి?

ముందు దగ్గరి పాత సామాన్ల షాపులూ, ఆన్‌లైన్ అమ్మకాలూ ఒకసారి చూడండి. మీది అని నిరూపించాలంటే గుర్తుండాలి. సీటు అడుగున, లైటు వెనక మేకుతో రెండక్షరాలు ఇవాళే గీసి ఫొటో తీసి పెట్టుకోండి. పెడళ్ల మధ్య గొట్టం అడుగున ఉండే ఫ్రేము నంబరు ఫొటో, బిల్లు ఫొటో కూడా. కనపడింది కదా అని మీరే గొడవకి దిగొద్దు.

పోలీసు ఫిర్యాదు విషయంలో ఒక సంగతి చాలామందికి తెలీదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టాల ప్రకారం 5,000 రూపాయల లోపు విలువున్న దొంగతనం నాన్ కాగ్నిజబుల్. మెజిస్ట్రేటు ఉత్తర్వు లేకుండా పోలీసులు దర్యాప్తు మొదలుపెట్టలేరు. స్టేషన్‌లో రాసుకుని పంపేశారంటే నిర్లక్ష్యం అనుకోకండి, చాలాసార్లు కారణం ఇదే. ఒకే రాత్రి సెల్లార్‌లో నాలుగు సైకిళ్ల సామాను పోతే మాత్రం అందరూ బిల్లులు పట్టుకుని కలిసి వెళ్లండి. మొత్తం విలువ ఆ గీత దాటొచ్చు. దొంగ సొత్తని తెలిసి కొనడం కూడా నేరమే, భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద. సగం ధరకి సీటు ఎవరైనా ఇస్తానంటే ఇది గుర్తుంచుకోండి.

అన్నీ బిగించాను, ఇప్పుడు నాకే ఊడటం లేదు

మైపాడు వైపో, కొత్తపట్నం వైపో సముద్రం దగ్గరికి వారం వారం తొక్కేవాళ్లకి ఇది తప్పదు. ఉప్పుగాలికి బోల్టు మర తుప్పు పట్టి అతుక్కుపోతుంది. అందుకే ఏ బోల్టు వేసినా ముందు మరకి గ్రీజు రాయాలి. అల్యూమినియం ఫ్రేములో స్టెయిన్‌లెస్ బోల్టయితే ఇంకా తప్పనిసరి. లాక్‌టైట్ వేసినచోట గ్రీజు వద్దు, రెండూ కలిస్తే జిగురు పట్టదు. ఇప్పటికే బిగుసుకుపోయి ఉంటే తుప్పు వదిలించే నూనె కొట్టి రాత్రంతా వదిలి, పొద్దున పొడవాటి కీతో ముందు బిగించేవైపు కాస్త కదిపి, తర్వాత విప్పండి.

ముందు చక్రానికి ప్రత్యేక కీ బోల్టు వేయించినవాళ్లు ఆ కీ ఇంటి తాళాల గుత్తిలోనే వేసుకోవాలి. దారిలో పంక్చరైతే షాపతని దగ్గర అన్ని పానాలూ ఉంటాయి, అదొక్కటే ఉండదు. సీటు కింది పౌచ్‌లో మాత్రం పెట్టకండి. రెండో కీ మీరు ఎప్పుడూ వెళ్లే మెకానిక్ దగ్గర ఉంచండి.