కొండ మీది ఊరికి 108 త్వరగా అందాలంటే

నేను పాడేరు ఏజెన్సీలో 108 బండిలో ఈఎంటీగా, అంటే దారిలో రోగికి అత్యవసర చికిత్స చేసే మనిషిగా పనిచేస్తున్నాను. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన ఈ నంబరు ఇవాళ మన్యంలో పిల్లలకు కూడా తెలుసు. అయినా కొండ మీది ఊళ్ల నుంచి ఫోన్ వస్తే, తారు రోడ్డు అయిపోయిన చోట మేం ఆగి ఎదురుచూడడానికే చాలాసార్లు ఎక్కువ టైం పోతుంది. అది తగ్గించడం ఊరివాళ్ల చేతిలో ఉంది.

ముందు ఫోన్ సంగతి. సిగ్నల్ ఏ బండ మీద దొరుకుతుందో, ఏ మలుపులో దొరుకుతుందో మీకు తెలుసు. అక్కడికి ఇద్దరు వెళ్లండి. ఫోన్ చేసిన మనిషి అక్కడి నుంచి కదలకూడదు, రెండో మనిషి ఊళ్లోకి కబురు తేవాలి. ఎందుకంటే మేం బయల్దేరాక దారి అడగడానికి చేసేది ఆ నంబరుకే. చాలామంది 108కి చెప్పేసి కంగారుగా ఇంటికి పరిగెడతారు. అక్కడ సిగ్నల్ ఉండదు, మాకు ఫోన్ కలవదు, ఏ దారిన రావాలో తెలియదు. మీ సిమ్‌కు సిగ్నల్ లేకపోతే 112 కొట్టి చూడండి. దగ్గర్లో వేరే కంపెనీ టవర్ ఉంటే కలుస్తుంది. అంబులెన్స్ కావాలని చెప్పండి.

ఫోన్ ఎత్తినవాళ్లు జిల్లా, మండలం, ఊరు, ఏమైందని అడుగుతారు. పంచాయతీ పేరు కూడా కలిపి చెప్పండి. కొత్తవలస అంటే ఏ కొత్తవలస? అన్నిటికంటే ముఖ్యం, బండి ఎక్కడిదాకా రాగలదో చెప్పడం. "గెడ్డ (వాగు) ఇవతల స్కూలు దాకా వస్తుంది, ఆ పైన నడకే" అంటే మాకు చాలు. గెడ్డ పొంగుతుంటే అదీ చెప్పండి.

బండి వచ్చాక డోలీ కడదామని ఆగొద్దు. కబురు అందగానే డోలీ బయల్దేరాలి, మేం అటు నుంచి వస్తుంటాం. భుజం మార్చుకోవడానికి మనుషులు అదనంగా ఉండాలి. రాత్రయితే టార్చి, వానయితే టార్పాలిన్ తీసుకోండి. గర్భిణి అయితే ఎంసీపీ కార్డు, అంటే పరీక్షల వివరాలు రాసే తల్లీబిడ్డల కార్డు మరిచిపోవద్దు. ఒకరు బైక్ మీద ముందుగా రోడ్డు మీదికొచ్చి నిలబడితే ఇంకా మంచిది. గిరిజన ప్రాంతాల కోసం 2018లో ఫీడర్ అంబులెన్సులని బైక్‌లు పెట్టారు. పెద్ద బండి ఎక్కలేని దారిలో రోగిని కిందికి తెచ్చే పని వాటిది. మీ దగ్గర అది నడుస్తోందో లేదో ఆశా కార్యకర్తను ఇప్పుడే అడిగి ఉంచుకోండి.

పాము కరిస్తే నడిపించొద్దు. తాడు బిగించొద్దు, కోయొద్దు. కరిచిన కాలు కదలకుండా డోలీలో పడుకోబెట్టి, ఎన్ని గంటలకు కరిచిందో గుర్తుపెట్టుకోండి. డాక్టరు మొదట అడిగేది అదే. కాన్పు విషయంలో మాత్రం నొప్పులు మొదలయ్యేదాకా ఆగకుండా ఉంటేనే నాకు మనశ్శాంతి. సాలూరులో ఉన్నట్టు గర్భిణుల వసతి గృహం మీకు అందుబాటులో ఉంటే, తేదీ దగ్గర పడగానే అక్కడికి చేరండి. మొహమాటం వద్దమ్మా, అది మీ కోసం పెట్టిందే.

హెలికాప్టర్ రాదా అని కుర్రాళ్లు అడుగుతుంటారు. న్యాయమైన ప్రశ్నే. మధ్యప్రదేశ్‌లో 2024 నుంచి ప్రభుత్వం ఎయిర్ అంబులెన్స్ నడుపుతోంది, ఆయుష్మాన్ కార్డు ఉన్నవాళ్లకు ఉచితం. కానీ అక్కడ కూడా నేరుగా ఫోన్ చేస్తే రాదు, డాక్టర్లు, జిల్లా అధికారులు సరేనంటేనే పంపుతారు. మా దగ్గర 108కి చేస్తే వచ్చేది రోడ్డు బండే. పైగా మన్యంలో మబ్బు దిగిన రోజు ఏదీ ఎగరలేదు. అందుకే గ్రామసభలో నేనైతే ముందు రోడ్డు, కల్వర్టు అడగమంటాను. అర్జీ కాగితం మీద ఇచ్చి రసీదు తీసుకోండి.

108కి ఎవరికీ డబ్బులివ్వక్కర్లేదు. కాన్పయ్యాక తల్లినీ బిడ్డనీ ఇంటికి దింపే తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ కూడా ఉచితమే. డిశ్చార్జి రోజు ఆసుపత్రిలోనే బండి కావాలని అడగండి, లేదంటే 102కి ఫోన్ చేయండి.